ఆగిన బండిలో కొలత

ఆ గురువారం తెల్లవారేసరికి పడమటి వైపు మబ్బు నేలకు ఆనుకుని ఉంది. తూర్పున మాత్రం పశువుల కొట్టం కప్పు ఎత్తున ఒక పసుపు చార. మంచు పడుతుందో వాన పడుతుందో చెప్పలేని మార్చి నెల మబ్బు. ఆర్డిస్ వాకిట్లో నిలబడి ఒక నిమిషం దాన్ని చూసి, రబ్బరు బూట్లు తొడుక్కుని బండి దగ్గరికి నడిచింది. ఆకాశం ఎలా ఉన్నా ఆమె పని మారదు. ఇళ్ల ముందు రోడ్డు పక్కన నాటిన నాలుగు వందల పన్నెండు ఉత్తరాల డబ్బాలు, ఎనభై ఒక్క మైళ్లు, అందులో అరవై మైళ్లు కంకర రోడ్డు.

ఆమె బండి నడిపే తీరు కొత్తవాళ్లకు వింతగా ఉంటుంది. అది పాత పొడుగు వ్యాగన్. ముందు సీటు బెంచీలాగా ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒకటే. గేరు కర్ర స్టీరింగు పక్కనే ఉంటుంది కాబట్టి మధ్యలో కాలికి అడ్డం ఏమీ లేదు. స్టీరింగు ఎడమ వైపు, ఉత్తరాల డబ్బాలు రోడ్డుకు కుడి వైపు కాబట్టి ఆర్డిస్ కుడి కిటికీ వైపు జరిగి కూర్చుంటుంది. క్లచ్ లేని బండి, రెండే పెడళ్లు; ఎడమ కాలు చాపి వాటి మీద పెడుతుంది. ఎడమ చేత్తో చక్రం తిప్పుతూ, కుడి చెయ్యి బయటికి చాపి డబ్బా మూత తీసి, ఉత్తరాలు పెట్టి, మూత వేసి, బండి కదిలిస్తుంది. ఇరవై రెండేళ్లుగా అంతే. పల్లె దారుల్లో ఉత్తరాలు పంచేవాళ్లు ఎవరి బండి వాళ్లే తెచ్చుకోవాలి. ఇలాంటి బెంచీ సీటు బండ్లు ఇప్పుడు ఎవరూ తయారు చెయ్యడం లేదు.

శాథర్ వాళ్ల మిట్ట ఎక్కేటప్పుడు బండి మళ్లీ అదే పని చేసింది. ఇంజను గొంతు పెద్దదైంది, చక్రాలకు మాత్రం ఆ కబురు అందలేదు. గేరు పట్టు జారిపోయినట్టు బండి మిట్ట మధ్యలో ఊగిసలాడి, ఒక కుదుపుతో మళ్లీ అందుకుంది. ఈ వారంలో ఇది మూడోసారి. పొద్దున బాగానే ఉంటుంది. నూరు డబ్బాలు దాటి ఒళ్లు వేడెక్కాక మొదలుపెడుతుంది. ఆర్డిస్ మిట్ట మీద బండి ఆపి, చల్లారేదాకా పావుగంట చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఎనిమిది నెలల క్రితమే ఈ బండికి గేర్‌బాక్సు మార్పించింది. ఇప్పుడు ఇది కూడా పోతే ఏం చెయ్యాలో ఆమెకు తెలుసు, అదే ఆమె భయం. పోస్టుమాస్టరు జోలీన్ దారి ఉంచుకుంటుందో వదులుకుంటుందో సోమవారం కల్లా తేల్చి చెప్పమంది. పట్నంలో ఉత్తరాలు వేరుచేసే హాల్లో ఒక ఉద్యోగం ఖాళీగా ఉంది. బండి అక్కర్లేదు. కిటికీలు కూడా లేవు. ఆర్డిస్ ఒకసారి వెళ్లి చూసి వచ్చింది. ట్యూబులైట్ల కింద పదకొండు మంది నిలబడి ఉన్నారు. బయట వాన పడుతోందని వాళ్లలో ఒక్కరికీ తెలియదు.

మధ్యాహ్నం ఆఖరి డబ్బా అయ్యాక బండిని నెమ్మదిగా గేలెన్ షెడ్డుకు తోలుకెళ్లింది. గేర్‌బాక్సు వేసింది అతనే. గేలెన్ ఆమె తమ్ముడితో కలిసి చదివినవాడు, చిన్నప్పుడు వాళ్ల వంటింట్లో తిని పెరిగినవాడు. ఇప్పుడు నలభై ఎనిమిదేళ్లు, మోకాళ్ల నొప్పి, షెడ్డంతా తనే. ధాన్యం లారీ కింద నుంచి పాక్కుంటూ బయటికి వచ్చి, ఎర్రగుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఆమె చెప్పింది విన్నాడు. ఏడాది గ్యారంటీ ఉందిగా అన్నాడు. గోడకున్న ఫోను తీసి, గేర్‌బాక్సు బాగుచేసి పంపిన పట్నం కంపెనీకి చేశాడు. అవతల ఎవరో చాలాసేపు ఏవేవో అడిగారు. గేలెన్ ఫోను చెవి నుంచి కాస్త ఎడం చేశాడు.

"బండి దేనికి వాడతావని అడుగుతున్నారక్కా."

"ఉత్తరాలకి."

అతను అరచేత్తో ఫోను మూసి గొంతు తగ్గించాడు. "చర్చికీ, సరుకులకీ అని చెప్పనా?"

"ఉత్తరాలకే. అరవై దగ్గర పడ్డాయి గేలెన్, ఇప్పుడు కొత్తగా అబద్ధాలు నేర్చుకోలేను."

అతను ఉన్నదే చెప్పాడు. విన్నాడు. ఫోను తగిలించి, దాని వైపే చూస్తూ చెప్పాడు: వాణిజ్య అవసరాలకు వాడిన బండికి గ్యారంటీ చెల్లదట, కాగితం వెనక వైపు రాసి ఉందట.

"వాణిజ్యమా?" అంది ఆర్డిస్. "ఏం వ్యాపారం చేస్తున్నా నేను? ఉత్తరాలు అమ్ముతున్నానా?"

అది తను రాసిన కాగితం కాదన్నాడు గేలెన్. ఇంకొకటి వెయ్యాలంటే నాలుగు వేల డాలర్ల పైమాటే అన్నాడు. ఆమె ముఖం చూసి, తేలిక చేద్దామని కాబోలు, చిన్నగా నవ్వి అన్నాడు: "అయినా ఎడమ కాలితో తొక్కేవాళ్ల దగ్గర ఏ గేర్‌బాక్సు బతుకుతుంది లే."

లారీ తాలూకు మనిషి ఒకడు బల్ల మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు. వాడు కూడా నవ్వాడు. ఆర్డిస్ తాళంచెవి తీసుకుని బయటికి వచ్చేసింది. వెనక నుంచి గేలెన్ ఏదో అంటున్నాడు, బండి వదిలి వెళ్లమనో ఏమో. ఆమె ఆగలేదు. బానెట్ కూడా ఎత్తకుండా నాలుగు వేలు అన్నాడు, అది ఒక్కటే చెవిలో ఉంది.

*

శుక్రవారం, శనివారం తన భర్త ఓరిన్ ట్రక్కు తీసుకుని ఆమె పనికి వెళ్లింది. దాని రెండు సీట్ల మధ్య పెట్టె అంత గట్టు ఉంది, కుడి వైపు కూర్చుని నడిపే దారి లేదు. ఎడమ వైపే కూర్చుని, ప్రతి డబ్బా దగ్గరా దిగి, ట్రక్కు ముక్కు చుట్టూ తిరిగి వెళ్లి, ఉత్తరాలు పెట్టి, మళ్లీ తిరిగి వచ్చి ఎక్కాలి. మంచు కరిగి రోడ్డు అంచులు జావలా ఉన్నాయి. బూట్లకు అంటిన మట్టి పెడళ్లకు, పెడళ్ల నుంచి ఉత్తరాలు పేర్చి పెట్టుకునే లోతు పళ్లేలకు అంటింది. ఎప్పుడూ రెండున్నరకు ఇంటికి చేరే మనిషి చీకటి పడ్డాక చేరింది. ఓరిన్ ఏమీ అడగకుండా వేడినీళ్ల బేసిను తెచ్చి ఆమె కాళ్ల దగ్గర పెట్టాడు.

దిగి నడవడంతో ఒకటి జరిగింది. ఎన్నడూ లేనిది ఆమె మనుషులతో మాట్లాడింది. బండి లోపలి నుంచి అయితే చెయ్యి ఊపి వెళ్లిపోయేది. ఇప్పుడు డబ్బా దగ్గర నిలబడితే, ఇదేమిటి ట్రక్కులో వచ్చావని అడిగేవాళ్లు. ఆమె చెప్పింది. వెర్నా శాథర్‌కు చెప్పింది. పాల డెయిరీ లైల్ కోప్కీకి చెప్పింది. గ్యారంటీ సంగతి చెప్పింది, ఎడమ కాలి సంగతి చెప్పింది, ఎనిమిది నెలలకే పోయే సరుకు గేలెన్ అంటగట్టాడని చెప్పింది. ఆ రెండు రోజుల్లో మొత్తం పద్నాలుగు ఇళ్ల దగ్గర చెప్పింది.

ఇరవై రెండేళ్లుగా ఆ దారిలో అందరి ఉత్తరాలూ ఆమె చేతి మీదుగా వెళ్లాయి. కోర్టు కాగితాలు, ఆసుపత్రి బిల్లులు, ఎవరికి ఎవరు రాయడం మానేశారో కూడా. ఆమె ఎప్పుడూ ఎవరి గురించీ ఏమీ అనలేదు. అందుకే, అన్నప్పుడు విన్నారు.

*

ఆదివారం చర్చి నుంచి వచ్చి, ఓరిన్ మాంసం కీమా, బంగాళాదుంపలు కలిపిన గిన్నె ఓవెన్‌లో పెట్టాడు. ఆర్డిస్ మంచి బట్టలు మార్చుకుని గరాజుకు వెళ్లింది. బండి తిరిగినా తిరగకపోయినా ఆదివారం ఆదివారమే. మొదటి గేర్‌బాక్సు పోయినప్పుడు, దాన్ని సరిగా చూసుకోలేదేమోనని ఆమె మనసులో పడింది. రెండోది వేయించిన మరుసటి ఆదివారం నుంచి ఒక్క వారం కూడా తప్పకుండా దాని ఆయిల్ చూస్తోంది.

బానెట్ ఎత్తుతుండగా వాకిట్లో గేలెన్ ట్రక్కు ఆగింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు. చర్చి నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు. ఓరిన్ వంటింటి గుమ్మంలోంచి తల ఊపాడు. గేలెన్ కూడా తల ఊపి గరాజు దగ్గరికి వచ్చి, లోపలికి రాకుండా గడప అవతలే నిలబడ్డాడు.

"లైల్ ఫోన్ చేశాడు. తన ట్రక్కు పని ఇక నా దగ్గర వద్దన్నాడు."

ఆర్డిస్ బానెట్ కింద ఊత కడ్డీ నిలిపింది.

"అందుకు రాలేదులే. గురువారం నేను బానెట్ ఎత్తి చూడలేదు. చూడాల్సింది. మూడు రోజులుగా అదే తిరుగుతోంది బుర్రలో."

"చూడు మరి," అంది ఆమె. "సరిగా చూసుకోలేదని మాత్రం అనకు. ఇదిగో, నీ కళ్ల ముందే."

ఆమె పని ఆమె మొదలుపెట్టింది. తొందర లేకుండా, గర్వంగా కూడా చేసింది. గేర్‌బాక్సు ఆయిల్ కొలిచే పొడుగు పుల్ల బయటికి లాగి, పాత బనీను గుడ్డతో తుడిచి, మళ్లీ లోపలికి నెట్టి, మెల్లగా తీసి వెలుతురులో పట్టుకుంది. ఆయిల్ గీత కన్నా వేలెడు పైకి ఉంది. ఆమె గట్టు మీద నుంచి రబ్బరు బుడ్డి ఉన్న పిచికారీ అందుకుంది. పండగకు టర్కీ కోడి కాలుస్తున్నప్పుడు దాని మీద రసం పోసే పిచికారీ అది. దానికి సన్నటి గొట్టం తగిలించి ఉంది.

"అదెందుకూ?" అన్నాడు గేలెన్.

"ఎక్కువ ఉంది కదా. ఎక్కువైతే నురుగొచ్చి చెడిపోతుంది, మా నాన్న చెప్పేవాడు. గీత దాకా ఉంచి మిగతాది తీసేస్తా. ఒక్కో వారం ఒక్కో రకంగా చూపిస్తుంది ఈ బండి."

ఆమె చూపు వెళ్లిన వైపు అతనూ చూశాడు. గోడ అలమరలో ఏడు గాజు సీసాలు వరసగా ఉన్నాయి. పండ్ల జెల్లీ పోసుకునే సీసాలు. లోపల ఎర్రగా, తేటగా ఆయిల్. ఒక్కోదాని మీద కాగితం ముక్క అంటించి, గుండ్రటి చేతిరాతతో తారీకు వేసి ఉంది. కొన్నిట్లో సగానికి, కొన్నిట్లో అడుగున రెండు వేళ్ల మేర. పారబోయడానికి ఆమెకు మనసు ఒప్పలేదు.

గేలెన్ లోపలికి వచ్చాడు. సీసాలు ఒక్కొక్కటే చూశాడు. చివరి సీసా మూత తిప్పి వాసన చూశాడు. ఏదో లెక్క వేసుకున్నట్టు పెదాలు కదిలాయి. తర్వాత చాలా నెమ్మదిగా, నిద్రపోతున్న మనిషి పక్కన మాట్లాడినట్టు అడిగాడు.

"ఎప్పుడూ ఇలాగే చూస్తావా? ఇంజను ఆపి?"

"ఆపకుండా ఎవరు చూస్తారు?"

వాళ్ల నాన్న నేర్పింది అదే. ట్రాక్టరు ఆపాలి, ఆయిల్ కిందికి దిగనివ్వాలి, తుడిచి చూడాలి. ఆరేళ్ల వయసు నుంచి ఆమె చేతికి అబ్బిన పని అది. ఆ చుట్టుపక్కల పొలాల మీద పెరిగినవాళ్లందరూ అలాగే చూస్తారు.

గేలెన్ తాళంచెవి అడిగి తీసుకుని బండి స్టార్టు చేశాడు. పది నిమిషాలు అలాగే నడవనిచ్చాడు. ఓరిన్ చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. గేలెన్ గేరు కర్రను అన్ని చోట్లకూ ఒకసారి జరిపి మొదటికి తెచ్చి, ఇంజను నడుస్తుండగానే పుల్ల లాగి, తుడిచి, ముంచి తీసి ఆమె చేతికిచ్చాడు. చివర గోరంత మేర తడి ఉంది. గీతలకు చాలా కిందగా.

"కళ్లజోడు పెట్టుకుని తిప్పి చూడు. రెండో వైపు."

ఆర్డిస్ జేబులోంచి కళ్లజోడు తీసింది. పుల్ల వెనక వైపు చీమ తల అంత అక్షరాలు కొట్టి ఉన్నాయి. పెదాలు కదుపుతూ చదివింది. ఇంజను నడుస్తుండగా, వేడిగా ఉన్నప్పుడు.

"ఆగితే పైనున్న ఆయిలంతా కిందికి దిగొచ్చి ఎక్కువ చూపిస్తుందక్కా. ఇది ట్రాక్టరు ఇంజను కాదు. నడిచే బండిలోనే కొలవాలి."

ఆమె బోర్లించిన బకెట్ మీద కూర్చుంది. పుల్ల ఇంకా చేతిలోనే ఉంది. ముప్ఫై నాలుగు వారాలు. ఆకలితో ఉన్నదాని నోటి దగ్గర నుంచి కూడు తీసి సీసాల్లో దాచింది. ఓరిన్ సీసాల వైపు చూశాడు, గొంతు సవరించుకున్నాడు. "నాకూ తెలీదు ఆర్డీ," అన్నాడు. అతను మాట్లాడటమే అరుదు.

"నేను చెప్పాల్సింది," అన్నాడు గేలెన్. "తాళంచెవి ఇచ్చిన రోజునే. నీకు తెలుసుననుకున్నా."

"నాకు తెలుసనే నేనూ అనుకున్నా." పుల్లను గుడ్డతో తుడుస్తూ అసలు మాట అడిగింది. "పోయినట్టేనా మరి?"

"మాడిన వాసన లేదు. గేర్‌బాక్సు లోపలి ప్లేట్లు కాలితే ముందు ముక్కుకి తెలుస్తుంది. అయినా నింపి, నువ్వు రోజూ తిరిగినట్టు తిప్పితే గాని చెప్పలేను. ఒళ్లు బాగా కాగాలి."

తన ట్రక్కులోంచి కొత్త ఆయిల్ మూడు డబ్బాలు తెచ్చాడు. సన్నటి గరాటుతో కొంచెం పోసి కొలిచి, కొంచెం పోసి కొలిచి, గీతల మధ్యకు తెచ్చాడు. డబ్బుల మాట ఆమె ఎత్తబోతే, గురువారం బానెట్ ఎత్తనందుకు అవి మూడూ జరిమానా కింద సరిపోతాయన్నాడు. ఓరిన్ వెళ్లి ఓవెన్ మంట తగ్గించి వచ్చాడు.

*

ఉత్తరాలున్న రోజు బండిలో వేరే మనిషిని ఎక్కించుకోకూడదు. ఆదివారం కాబట్టి ఆర్డిస్ ఒప్పుకుంది. ఆమె కుడి కిటికీ వైపు తన చోట కూర్చుంది. గేలెన్ వెనక సీట్లో, ఖాళీ పళ్లేల మధ్య మోకాళ్లు దగ్గరికి పెట్టుకుని కూర్చుని, ముందుకు వంగి ఆమె ఎడమ కాలినే చూస్తున్నాడు. మొదటి డబ్బా దగ్గర ఆగింది, కదిలింది. రెండో దాని దగ్గర ఆగింది, కదిలింది. ఒక్కటీ వదల్లేదు. ఆమె పాదం బ్రేకు మీద నుంచి లేచి యాక్సిలరేటరు మీదికి వచ్చేది, మళ్లీ బ్రేకు మీదికి వెళ్లేది. రెండిటినీ ఒకేసారి తొక్కడం గాని, ఆగకముందే గేరు మార్చడం గాని లేదు.

యాభై డబ్బాలు దాటాక గేలెన్ వెనక్కి ఆనుకున్నాడు. "పెడలు మీద కోడిగుడ్డు పెట్టినా పగలదు," అన్నాడు. "గురువారం ఊరికే నోరు జారానక్కా."

"కాఫీ తాగుతూ నవ్విన మనిషెవరు?"

"వాడి పేరు నేను చెప్పను. నువ్వు వాడి ఉత్తరాలు గుంటలో పడేస్తావు."

ఆమె నవ్వు అద్దంలో కనిపించింది.

శాథర్ మిట్ట దగ్గరికి వచ్చేసరికి మబ్బు విడి ఎండ పడింది. మంచు కరిగిన నీళ్లు కాలువల్లో పారుతున్నాయి. బండి మిట్ట ఎక్కింది. ఇంజను గొంతు పెరగలేదు, ఊగిసలాట లేదు. పైన వెర్నా డబ్బా దగ్గర ఆగేసరికి, వెర్నా ఇంటి గౌను మీద మొగుడి పాత కోటు వేసుకుని కర్ర పోటు వేసుకుంటూ వచ్చేస్తోంది. ఎనభై ఆరేళ్ల మనిషి.

"ఆదివారం కూడా ఉత్తరాలిస్తున్నారా అమ్మాయ్?"

"ఉత్తరాలు లేవు పెద్దమ్మా. ఒక మాట ఉంది." ఆర్డిస్ స్టీరింగు పట్టుకున్న తన చేతినే చూసుకుంటూ చెప్పింది. "శుక్రవారం నేను గేలెన్ గురించి అన్నది తప్పు. అతను వేసింది మంచి సరుకే. పాడు చేసుకుంది నేను."

"ఏమిటీ? గట్టిగా చెప్పు."

ఆర్డిస్ గట్టిగా చెప్పింది. వెర్నా చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. మూడోసారి ఆర్డిస్ ఎంత గట్టిగా చెప్పిందంటే పక్క పొలంలో ఆవులు తలెత్తి చూశాయి. వెర్నా తృప్తిగా తల ఊపింది. ఆమెకు మొదటిసారే వినబడిందని గేలెన్‌కు అనిపించింది. ఆమె కిటికీలోంచి లోపలికి తొంగి చూసింది.

"వెనకాల పళ్లేల్లో ఉన్నదెవరూ?"

"అతనే."

"పాపం, ఎవరికి అందజేస్తున్నావు?"

అలా పద్నాలుగు చోట్ల. కొన్నిచోట్ల మనుషులు బయట కనపడలేదు. అక్కడ ఆర్డిస్ హారను కొట్టి, వాళ్లు వచ్చేదాకా ఆగింది. ఒక చీటీ రాసి డబ్బాల్లో వేస్తే సరిపోయేదిగా అన్నాడు గేలెన్, ఏడో ఇంటి దగ్గర, ఆమె చెవులు ఎర్రబడటం చూసి. స్టాంపు లేని కాగితం డబ్బాలో వెయ్యడం నేరమని ఆమె చెప్పింది. అయినా నోటితో అన్నది నోటితోనే తీసుకోవాలంది. ఒక్కోచోట మాట కాస్త పొట్టిదవుతూ వచ్చింది. పన్నెండో ఇంటి దగ్గర, "తప్పు నాది, బండి బాగుంది," అని మాత్రమే అంది. అవతలివాళ్లకు అదే చాలా బాగా అర్థమైంది.

లైల్ కోప్కీ దూడలకు పాల సీసాలు పడుతూ కంచె దగ్గర ఉన్నాడు. ఆమె చెప్పింది పూర్తిగా విన్నాడు. దూడ నోట్లోంచి సీసా లాగలేదు.

"మరి ఆ పట్నం వాళ్ల గ్యారంటీ సంగతో?" అన్నాడు.

"అది అన్యాయమే. ఆ మాట వెనక్కి తీసుకోను. ఉత్తరాలు పంచడం వ్యాపారం కాదు."

"ఇకనుంచి ఆ కాగితం వెనక వైపు ముందే చదివి వినిపిస్తా," అన్నాడు గేలెన్ వెనక సీట్లోంచి. "వినకముందు ఎవరి దగ్గరా సంతకం తీసుకోను."

లైల్ కాసేపు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "మంగళవారం తెస్తాను ట్రక్కు," అన్నాడు. తర్వాత కాస్త మొహమాటంగా, గేర్‌బాక్సు ఆయిల్ ఇంజను నడుస్తుండగానే కదా చూడాలి అని అడిగాడు. తనూ ఇన్నాళ్లూ ఆపే చూస్తున్నాడట. గేలెన్ కళ్లు మూసుకున్నాడు.

నాలుగు వందల పన్నెండో డబ్బా దాటేసరికి సాయంత్రం అయిదున్నర. ఊరి బయట రాళ్ల ఏటవాలు మీద గేలెన్ బండి ఆపించాడు. చివరి పరీక్ష. సగం ఎత్తులో ఆపి, మళ్లీ కదిలించమన్నాడు. ఒళ్లంతా కాగి ఉన్న బండి, పైకి ముక్కు పెట్టి నిలబడింది. ఆర్డిస్ ఎడమ పాదం నెమ్మదిగా బ్రేకు మీద నుంచి యాక్సిలరేటరు మీదికి జరిపింది. ఒక్క క్షణం ఏమీ కాలేదు. తర్వాత బండి, లాగుడు బండికి అలవాటు పడిన గుర్రంలా, మెడ వంచి కదిలింది. పైదాకా ఒకే వేగంతో ఎక్కింది.

"ఇంకో లక్ష మైళ్లు," అన్నాడు గేలెన్.

"రేపు పోస్టాఫీసులో జోలీన్‌కి చెప్పాలి," అంది ఆర్డిస్.

ఏం చెబుతావని అతను అడగలేదు. ఆమె కిటికీ అద్దం పూర్తిగా దించింది. చల్లగాలికి పొలాల తడి వాసన లోపలికి వచ్చింది.

ఇంటికి చేరేసరికి ఓరిన్ బల్ల మీద మూడు కంచాలు పెట్టి ఉంచాడు. గేలెన్ కుళాయి దగ్గర మోచేతుల దాకా సబ్బు పెట్టి కడుక్కున్నాడు. గోళ్ల సందుల్లో నలుపు పోలేదు. అతను వెళ్లిపోబోతే ఓరిన్ కుర్చీ ఒకటి కాలితో బయటికి జరిపాడు. గిన్నె రెండుసార్లు వేడి చేయడం వల్ల పైన బంగాళాదుంపలు కరకరలాడేలా మాడి ఉన్నాయి. ముగ్గురూ తలలు వంచి, పెదాలు కదిపీ కదపకుండా దేవుడికి చెప్పుకున్నారు. ఆర్డిస్ రొట్టె కోసి మొదటి ముక్క గేలెన్‌కు ఇచ్చింది. మాడిన అంచు అంటే ఆమెకు ఇష్టమని ఓరిన్‌కు తెలుసు. గరిటెతో దాన్ని గీరి తీసి ఆమె కంచంలో వేశాడు. ఆమె దాన్ని రెండు ముక్కలు చేసి, ఒకటి గేలెన్ కంచంలోకి జరిపింది. అతను తల ఎత్తకుండా తిన్నాడు. గిన్నె అడుగు కనబడేదాకా ఎవరూ లేవలేదు.